నల్లనూనె ఎక్కడికి పోతుంది? సూరత్ మరమ్మతు షెడ్లలో ప్రమాదకర వ్యర్థాలు, వాటి నిర్వహణ

మెకానిక్ వాహనం కిందికి దూరి ఇంజిన్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టును విప్పగానే వేడి వేడి నల్లని నూనె ధారగా జారి, కింద ఉంచిన పళ్ళెంలో పడుతుంది. కాసేపటికి బోల్టు బిగుస్తుంది, కొత్త నూనె ఇంజిన్‌లోకి చేరుతుంది, డబ్బు చేతులు మారుతుంది, బండి వెళ్ళిపోతుంది. పళ్ళెంలోని నూనె మాత్రం షెడ్డులోనే మిగులుతుంది. అది ఆ తరువాత ఎక్కడికి పోతుందని యజమాని సాధారణంగా అడగడు. అడిగినవారు లేరు గనుక చెప్పవలసిన అవసరం మెకానిక్‌కు రాదు. కానీ ఊరి కాలువ, నది, షెడ్డులో పనిచేసే కుర్రవాడి ఆరోగ్యం, వానాకాలంలో లోతట్టు ఇళ్ళ గడపలు, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడి ఉన్నాయి.

ఈ సంగతి సూరత్ నగరంలో స్పష్టంగా కనిపిస్తుంది. గుజరాత్‌లో అహ్మదాబాద్ తరువాత అతి పెద్ద నగరమైన సూరత్, వజ్రాల సానకూ కృత్రిమ దారపు వస్త్రాలకూ పేరుగాంచింది. మరమగ్గాల షెడ్డు నుంచి అద్దకపు మిల్లుకు, మిల్లు నుంచి రింగ్ రోడ్డు మీది వస్త్ర మార్కెట్లకు, అక్కడి నుంచి దేశం నలుమూలలకు గుడ్డను మోసుకుపోయేవి టెంపోలు, లారీలు, మూడు చక్రాల బండ్లు. వీటికి తోడు లక్షలాది ద్విచక్ర వాహనాలు, కార్లు. చక్రం తిరిగినంత కాలం మరమ్మతు తప్పదు. అందుకే పెద్ద కంపెనీల సర్వీసు కేంద్రాలు మొదలు గోడకు ఆనించిన రేకుల షెడ్డు వరకు మరమ్మతు దుకాణాలు నగరమంతటా కనిపిస్తాయి.

ఈ దుకాణాలలో ఏ ఒక్కటీ పెద్ద కాలుష్య కారకంగా కనిపించదు. చిక్కంతా అక్కడే ఉన్నది. రోజుకు మూడు కార్లకు నూనె మార్చే చిన్న షెడ్డును లెక్కలోకి తీసుకుందాం. కారుకు సుమారు 4 లీటర్ల చొప్పున రోజుకు 12 లీటర్లు, ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే 3,600 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 18. ఇది ఒక్క షెడ్డు లెక్క మాత్రమే. అటువంటి షెడ్లు ఒక వీధిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి హెచ్చవేసుకుంటే విషయం అర్థమవుతుంది.

ఖాడీల నగరంలో కాలువ దారి

సూరత్ తాపీ నది ఒడ్డున, అరేబియా సముద్రానికి సమీపంలో ఉన్నది. నగరం గుండా అనేక వాగులు ప్రవహిస్తాయి. వీటిని అక్కడ ఖాడీలంటారు. వాటిలో ఒకటైన మీఠీ ఖాడీ లింబాయత్ ప్రాంతం మీదుగా సాగుతుంది. పేరుకు అర్థం తీపి వాగు. ఎగువన భారీ వర్షం కురిసినప్పుడు ఈ వాగు పొంగి లింబాయత్, పర్వత్ పాటియా పరిసరాల లోతట్టు ఇళ్ళలోకి నీరు రావడం సూరత్ వాసులకు తెలిసిన బాధ. దానికి ‘ఖాడీ పూర్’ అనే పేరే స్థిరపడిపోయింది. ఇక 2006 ఆగస్టులో తాపీ నదికి వచ్చిన వరద నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది.

లింబాయత్ పేరు తెలుగువారికి కొత్తది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్ళిన కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఆ ప్రాంతంలో తరాలుగా స్థిరపడి ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండడమే ఆ ఉనికికి నిదర్శనం. కాబట్టి సూరత్ కాలువలలో ఏమి పారుతున్నదన్నది మన వారి ఇళ్ళకు సంబంధించిన విషయం కూడా.

షెడ్డు ముందున్న వాన కాలువలో పోసిన నూనె కంటికి కనిపించకుండా పోతుంది గానీ లేకుండా పోదు. వాన కాలువ వాగును చేరుతుంది. వాగు నదినో సముద్రాన్నో చేరుతుంది. మధ్యలో వాగు పొంగితే అదే నీరు నూనె జిడ్డుతో సహా ఇంటి గడప దాటుతుంది. నీరు తీసిన తరువాత గోడ మీద నల్లటి చారగా, నేల మీద జిడ్డు బురదగా మిగిలేది అదే.

నూనెను వాన కాలువలో కాక మురుగునీటి గొట్టంలో పోసినా నష్టం తప్పదు. మురుగుశుద్ధి కేంద్రంలో నీటిని శుభ్రపరిచేవి సూక్ష్మజీవులు. నూనె, ద్రావకాలు, భార లోహాలు వాటి పనిని దెబ్బతీస్తాయి. సూరత్‌లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఆ నగరపాలక సంస్థ 2014 నుంచి బమ్రోలీ కేంద్రంలో మురుగునీటిని మూడో దశ వరకు శుద్ధిచేసి, పాండెసరా పారిశ్రామికవాడలోని మిల్లులకు అమ్ముతున్నది. తొలి కేంద్రం సామర్థ్యమే రోజుకు 4 కోట్ల లీటర్లు. ఆ మేరకు మంచినీటి వనరుల మీద భారం తగ్గుతుంది. అటువంటి ఏర్పాటు ఉన్న ఊరిలో మురుగు గొట్టంలో నూనె పోయడమంటే, రేపు తిరిగి వాడుకోవలసిన నీటిని ఈరోజే పాడుచేసుకోవడం.

శుభ్రతలో సూరత్ సాధించినది తక్కువేమీ కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో జనం నగరాన్ని వదలి పారిపోయిన దృశ్యాలను దేశం చూసింది. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో పారిశుద్ధ్య వ్యవస్థ మలుపు తిరిగింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానం పంచుకున్నది. అయితే వీధిలోని చెత్త అందరికీ కనిపిస్తుంది, దాన్ని ఊడ్చడానికి మనిషి వస్తాడు. షెడ్డు మూలన డ్రమ్ములో ఉన్న నల్లనూనె ఎవరికీ కనిపించదు. దాన్ని చీపురుతో ఊడ్చే వీలు లేదు, చెత్త బండిలో వేసే వీలు లేదు.

వ్యర్థం చేతులు మారేటప్పుడు లెక్క లేకపోతే ఏమవుతుందో సూరత్ స్వయంగా చూసింది. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుంచి రసాయన వ్యర్థాన్ని అక్రమంగా కాలువలోకి వదులుతున్నప్పుడు విషవాయువు వెలువడింది. దగ్గరలోని అద్దకపు మిల్లు కార్మికులు ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అది మరమ్మతు షెడ్ల వ్యర్థం కాదు. అయినా పుట్టిన చోటి నుంచి చివరి మజిలీ వరకు వ్యర్థం ఎవరి చేతిలో ఉన్నదో కాగితం మీద ఎందుకు కనిపించాలో చెప్పడానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

షెడ్డులో ఏవి ప్రమాదకరం?

అన్నిటికన్నా పరిమాణంలో పెద్దది వాడేసిన ఇంజిన్ నూనె. గేరు నూనె, బ్రేక్ నూనె, పవర్ స్టీరింగ్ నూనె కూడా ఇదే కోవలోకి వస్తాయి. కొత్త నూనెకూ వాడిన నూనెకూ ఉన్న తేడా రంగులోనే ఉందనుకోవడం పొరపాటు. ఇంజిన్‌లో తిరిగినంత సేపూ ఆ నూనె అరిగిన లోహపు రజనును, మసిని, కాలని ఇంధనాన్ని, పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే హానికర పదార్థాలను తనలో చేర్చుకుంటుంది. ఇది నీటి మీద పలుచని పొరగా పరుచుకుని గాలిలోని ప్రాణవాయువు నీటిలోకి చేరకుండా అడ్డుపడుతుంది. ఒక గ్యాలన్ వాడిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతున్నది. మన కొలతలో చెప్పాలంటే లీటరుకు పది లక్షల లీటర్లు.

తరువాత నూనె ఫిల్టర్లు. పైకి ఇనుప డబ్బాలా కనిపించినా లోపలి కాగితం మడతలలో నూనె నిలిచి ఉంటుంది. చేతులు, విడిభాగాలు తుడిచిన గుడ్డ పేలికలు, కాటన్ వేస్టు, ఒలికిన నూనె మీద చల్లిన రంపపు పొట్టు కూడా ప్రమాదకర వ్యర్థాలే. నూనె, రసాయనాలు నిలవచేసిన ఖాళీ డబ్బాలూ అంతే.

మూడవది పాత బ్యాటరీ. మామూలు కారు బ్యాటరీలో ఎక్కువ బరువు సీసానిదే. దానితోపాటు సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. శరీరంలో ఇంత సీసం ఉన్నా హాని లేదని చెప్పగల పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ఆమ్లాన్ని మట్టిలో పారబోసి, పలకలను పెరటి కొలిమిలో కరిగించేచోట ఆ సీసం పొగగా, ధూళిగా చుట్టుపక్కల ఇళ్ళలోకి చేరుతుంది.

నాలుగవది రేడియేటరులోని కూలెంట్. ఇందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది. నేల మీద గుంటలో నిలిచిన కూలెంట్‌ను కుక్కలు, పశువులు తాగి చనిపోయే ప్రమాదం ఉన్నది. దీన్ని మంచినీళ్ళ సీసాలో పోసి ఉంచడం పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు.

కంటికి ఆనని వ్యర్థాలు మరి కొన్ని ఉన్నాయి. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. కంప్రెసర్ గాలితో బ్రేక్ డ్రమ్మును ఊదినప్పుడు లేచే దుమ్ములో ఆ నార కలిసి ఊపిరితిత్తులలోకి పోతుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అలాగే కారు ఏసీ బాగుచేసేటప్పుడు గాలిలోకి వదిలేసే ఆర్-134ఏ వాయువు నూరేళ్ళ కాలంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఇక రంగులు వేసే షెడ్లలో మిగిలిపోయిన రంగు, థిన్నర్, గాలిలో తేలే రంగు తుంపరలు అగ్ని ప్రమాదానికీ శ్వాసకోశ వ్యాధులకూ దారితీస్తాయి.

కలిపితే విషం, విడిగా ఉంచితే సరుకు

ఇన్ని రకాల వ్యర్థాలను చూసి చిన్న షెడ్డు యజమాని బెదిరిపోనక్కరలేదు. వీటి నిర్వహణకు మూలసూత్రం ఒక్కటే: దేనినీ దేనితోనూ కలపకూడదు.

వాడిన ఇంజిన్ నూనె విడిగా, శుభ్రంగా ఉన్నంత కాలం అది విలువైన ముడిసరుకు. నూనె అరిగిపోయే పదార్థం కాదు, మురికి పట్టే పదార్థం. పునఃశుద్ధి కర్మాగారంలో ముందు దానిలోని నీటిని, తేలిక ఇంధనాలను వేడిచేసి తొలగిస్తారు. తరువాత శూన్యపీడనంలో స్వేదనం చేసి మడ్డిని వేరుచేస్తారు. చివరిగా మట్టితోనో హైడ్రోజన్‌తోనో శుద్ధిచేస్తారు. అప్పుడు లభించే నూనె మళ్ళీ కందెన తయారీకి పనికివస్తుంది. ఒక పీపా, అంటే సుమారు 159 లీటర్ల ముడిచమురు నుంచి ఎంత కందెన నూనె వస్తుందో, అంతే నూనెను 3.8 లీటర్ల వాడిన నూనె నుంచి తిరిగి రాబట్టవచ్చునని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. అది దాదాపు 2.4 లీటర్లు. ముడిచమురులో అధిక భాగం దిగుమతి చేసుకునే మన దేశానికి ఈ లెక్క చిన్నది కాదు.

అదే డ్రమ్ములో ఒక చెంబుడు థిన్నర్, విడిభాగాలు కడిగిన ద్రావకం, కొంచెం కూలెంట్, కాస్త బ్యాటరీ ఆమ్లం పోస్తే కథ మారిపోతుంది. పునఃశుద్ధికి పంపే నూనె ఎలా ఉండాలో మన నిబంధనలే కొలతలు పెట్టాయి. ఉదాహరణకు కిలో నూనెలో సీసం 100 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 5 మిల్లీగ్రాములు మించకూడదు. కల్తీ అయిన డ్రమ్ము ఆ కొలతలకు నిలవకపోతే దాన్ని పునఃశుద్ధిదారు తీసుకోడు. క్లోరిన్ ఉన్న ద్రావకం కలిసిన నూనెను సరైన ఏర్పాట్లు లేనిచోట మండిస్తే డయాక్సిన్ల వంటి విషాలు పుట్టే ప్రమాదం ఉన్నది. నిన్నటి దాకా డబ్బు తెచ్చిపెట్టే డ్రమ్ము, ఈరోజు డబ్బు ఖర్చుపెట్టి వదిలించుకోవలసిన బరువవుతుంది. ఈ మార్పు కర్మాగారంలో జరగదు. షెడ్డులో, పళ్ళెం ఏ డ్రమ్ములోకి వంపుతున్నారన్న ఆ ఒక్క క్షణంలో జరుగుతుంది.

షెడ్డులో పాటించవలసిన పద్ధతి

మొదటిది, రకానికొక డబ్బా. ఇంజిన్ నూనెకు ఒకటి, కూలెంట్‌కు ఒకటి, ద్రావకాలకు ఒకటి, పేలికలకు మూత ఉన్న ఇనుప డబ్బా ఒకటి. ప్రతి దాని మీద లోపల ఏమున్నదో, ఎప్పటి నుంచి నింపుతున్నారో రాసి ఉండాలి. సూరత్ వంటి నగరంలో పనివారు అనేక రాష్ట్రాల నుంచి వచ్చినవారు. అందరికీ ఒకే లిపి రాదు. కాబట్టి అక్షరాలతో పాటు రంగు గుర్తు, బొమ్మ ఉంటే పొరపాటు జరగదు.

రెండవది, డ్రమ్ముల స్థానం. ఎండా వానా తగలని కప్పు కింద, సిమెంటు నేల మీద, చుట్టూ చిన్న గట్టు కట్టిన చోట డ్రమ్ములను ఉంచాలి. పెద్ద డ్రమ్ము పగిలినా అందులోని నూనె మొత్తం ఆ గట్టు లోపలే ఆగాలి. వరద నీరు వచ్చే ప్రాంతాలలో నేల ఎత్తు ముఖ్యం. ఖాడీ పక్కన ఉన్న షెడ్డులో వానాకాలానికి ముందే డ్రమ్ములు ఖాళీ చేయించి, మిగిలిన వాటిని ఎత్తయిన అరుగు మీదికి చేర్చడం చౌకైన బీమా.

మూడవది, ఫిల్టర్లు. తీసిన వెంటనే, ఇంకా వేడిగా ఉండగానే ఫిల్టరు పైభాగానికి రంధ్రం చేసి, కనీసం 12 గంటలు బోర్లించి ఉంచితే లోపలి నూనె చాలావరకు కారిపోతుంది. ఆ నూనె నూనె డ్రమ్ములోకి పోతుంది. ఖాళీ అయిన ఫిల్టర్లను విడిగా భద్రపరిచి అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి.

నాలుగవది, ఒలికిన నూనె. నీళ్ళ గొట్టం పెట్టి కడిగితే అది కాలువ దారి పడుతుంది. ఇసుక, రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి, ఆ పొట్టును ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేయాలి. వాహనాలు కడిగే చోట నూనెనూ నీటినీ వేరుచేసే గుంత ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. డిటర్జెంట్ ఎక్కువగా వాడితే నూనె సన్నని బిందువులై నీటిలో పాలవలె కలిసిపోతుంది. అప్పుడు అది పైకి తేలక, గుంతను దాటి వెళ్ళిపోతుంది. మన పర్యావరణ ప్రమాణాల ప్రకారం ప్రజా మురుగు గొట్టంలోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 20 మిల్లీగ్రాములు, వాగులు, నదులలోకి వదిలే నీటిలో 10 మిల్లీగ్రాములు మించరాదు.

ఐదవది, పనివారి రక్షణ. నూనె మరకలు వదిలించుకోవడానికి పెట్రోలుతో, కిరోసిన్‌తో చేతులు కడుక్కునే అలవాటు మన షెడ్లలో పాతది. చర్మం మీది సహజమైన జిడ్డును అది తొలగిస్తుంది. పగిలిన చర్మం గుండా హానికర పదార్థాలు శరీరంలోకి పోవడం మరింత తేలిక. నూనె తగలని తొడుగులు, సబ్బు, పని బట్టలు మార్చుకునే చోటు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బ్రేక్ డ్రమ్ములను గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడవడానికి అసలు ఖర్చే లేదు. సీసం ధూళి అంటిన చొక్కాతో ఇంటికి వెళితే ఆ ధూళి పిల్లల పక్క మీదికి చేరుతుందన్న సంగతి ప్రతి మెకానిక్‌కూ తెలియాలి.

చట్టం ఏమంటున్నది?

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద ప్రమాదకర వ్యర్థాలపై తొలి నిబంధనలు 1989లో వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్నవి 2016 ఏప్రిల్ 4న ప్రకటించినవి. వాడిన నూనె, నూనె అంటిన వ్యర్థాలు, కలుషితమైన ఖాళీ పీపాలు, పేలికలు ఈ నిబంధనల మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. వాహనాల సర్వీసింగ్, మరమ్మతు, రంగులు వేసే పనిని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 నాటి వర్గీకరణలో ఆరెంజ్ తరగతిలో చేర్చింది. గుజరాత్‌లో అమలు బాధ్యత 1974లో ఏర్పడిన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది.

వ్యర్థం పుట్టించేవారికి ఈ నిబంధనలు నాలుగు ముఖ్య బాధ్యతలు అప్పగించాయి. మండలి నుంచి అనుమతి పొందాలి. ఎంత వ్యర్థం వచ్చింది, ఎంత ఎవరికి ఇచ్చారన్నది పుస్తకంలో రాయాలి. 90 రోజులకు మించి నిలవ ఉంచకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వ్యర్థం వచ్చే చిన్న సంస్థలకు మండలి ఈ గడువును 180 రోజుల వరకు పొడిగించవచ్చు. మనం పైన లెక్కవేసిన షెడ్డు నూనె ఏడాదికి 3 టన్నుల పైచిలుకే గనుక ఈ వెసులుబాటు దానికి వర్తించే అవకాశం ఉన్నది. చివరిగా, అనుమతి ఉన్నవారికే వ్యర్థాన్ని అప్పగించాలి. అప్పగించేటప్పుడు మానిఫెస్టు అనే పత్రం రాయాలి. ఇచ్చినవారు, రవాణా చేసినవారు, పుచ్చుకున్నవారు ముగ్గురూ దానిలో సంతకం చేస్తారు. దారి మధ్యలో ట్యాంకరు కాలువ పక్కకు తిరగకుండా కాపలా కాసేది ఈ కాగితమే.

బ్యాటరీలకు 2022 ఆగస్టులో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. పాత బ్యాటరీని మామూలు చెత్తలో కలపకుండా సేకరణ, పునర్వినియోగ సంస్థలకు అప్పగించడం వినియోగదారు విధి. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు కూడా ఇవే నిబంధనలు వర్తిస్తాయి.

నూనె విషయంలో 2023 సెప్టెంబరులో వచ్చిన సవరణ మరింత ముఖ్యమైనది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సవరణ, కందెన నూనెలు తయారుచేసి అమ్మే కంపెనీల మీదనే వాడిన నూనె పునఃశుద్ధి బాధ్యత పెట్టింది. తొలి ఏడాది 5 శాతంతో మొదలైన ఈ లక్ష్యం దశలవారీగా 50 శాతానికి పెరుగుతుంది. నూనె సేకరించే ఏజెంట్లు కూడా నమోదు కావాలి. ఉల్లంఘనలకు లోగడ ఉన్న జైలు శిక్ష స్థానంలో, జన విశ్వాస్ చట్టం ద్వారా 10 వేల రూపాయల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా వచ్చింది.

చిక్కుముడి ఎక్కడున్నది?

నిబంధనలు ఇంత వివరంగా ఉన్నప్పుడు నల్లనూనె ఇంకా దారి ఎందుకు తప్పుతున్నది? సమాధానం చిన్న షెడ్డు ఆర్థిక స్థితిలో ఉన్నది. పాత సామాన్లు కొనేవాడు సైకిలు మీదనో ఆటో మీదనో వచ్చి, లీటరుకింత అని నగదు చేతిలో పెట్టి నూనె తీసుకుపోతాడు. కాగితం అడగడు, ఇవ్వడు. అనుమతి ఉన్న సేకరణదారు ఒక్క డ్రమ్ము కోసం లారీ పంపితే అతనికి కిరాయి కూడా గిట్టదు. చట్టబద్ధమైన దారి దూరంగా ఉండి, చట్టవిరుద్ధమైన దారి గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు మనిషి దేన్ని ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

అలా వెళ్ళిన నూనె పోయే చోట్లు తెలియనివి కావు. కొంత ఇటుక బట్టీలలో, కొలిముల్లో ఇంధనంగా కాలుతుంది. కొంత కాంక్రీటు అంటుకోకుండా సెంట్రింగ్ పలకలకు పూస్తారు. చెదలు పట్టకుండా కర్రకు రాస్తారు. మరికొంత వడగట్టి, రంగు తేల్చి, పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలలో నింపి కొత్త నూనెగా తిరిగి అమ్మే మోసం కూడా ఉన్నది. ఆ డబ్బా కొన్నవాడి ఇంజిన్ మళ్ళీ షెడ్డుకే చేరుతుంది.

ఈ చిక్కును ఒక్కొక్క షెడ్డు విడిగా విప్పలేదు. ఒక వీధిలోని ఇరవై షెడ్లు ఒక సంఘంగా ఏర్పడి, నెలకొక తేదీ నిర్ణయించుకుని అనుమతి ఉన్న సేకరణదారును పిలిపిస్తే లారీ నిండుతుంది, ధర వస్తుంది, మానిఫెస్టు కాగితమూ వస్తుంది. కొత్త నూనె అమ్మే డీలరు బండే తిరుగు ప్రయాణంలో పాత నూనె డ్రమ్మును తీసుకువెళ్ళే ఏర్పాటు చేయవచ్చు, దానికి అవసరమైన అనుమతులు తీసుకుంటే. కంపెనీల మీద ఇప్పుడు లక్ష్యాల భారం ఉన్నది గనుక చిన్న షెడ్ల వద్ద ఉన్న నూనె వారికీ అవసరమే. పునఃశుద్ధికి పనికిరాని మడ్డి, పేలికల వంటి వాటిని సురక్షితంగా పూడ్చే, కాల్చే కేంద్రాలు సూరత్ ప్రాంతంలోనూ, పొరుగున ఉన్న అంకలేశ్వర్‌లోనూ ఏళ్ళుగా పనిచేస్తున్నాయి. చేర్చవలసిన చోటు ఉన్నది. షెడ్డు నుంచి అక్కడి వరకు దారి వేయడమే మిగిలిన పని. ఆ పనిలో కాలుష్య నియంత్రణ మండలి, నగరపాలక సంస్థ, మెకానిక్‌ల సంఘాలు కలిసి నడవవలసి ఉన్నది.

మన ఊళ్ళకూ ఇదే ప్రశ్న

సూరత్ గురించి చదువుతున్నప్పుడు విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ శివారులోని ఆటోనగర్, ప్రతి మండల కేంద్రంలో బస్టాండు వెనుక ఉండే మెకానిక్ షెడ్లు మన మనసులో మెదలక మానవు. ప్రమాదకర వ్యర్థాలను చేర్చే కేంద్రాలు ఇక్కడ కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ వద్ద, తెలంగాణలో దుండిగల్ వద్ద అవి నడుస్తున్నాయి. నిబంధనలు దేశమంతటికీ ఒక్కటే. కృష్ణా కాలువైనా, మూసీ అయినా, మీఠీ ఖాడీ అయినా నూనెను మోసే తీరు ఒక్కటే.

బండి యజమానిగా మనం చేయగలిగినవి రెండు మూడు ఉన్నాయి. నూనె మార్పించిన తరువాత ఖాళీ డబ్బాకు అక్కడికక్కడే రంధ్రం చేయించాలి, దానిలో నకిలీ నూనె నింపే అవకాశం పోతుంది. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఇంట్లోనే నూనె మార్చుకునేవారు దాన్ని మూత బిగిసే డబ్బాలో పోసి, దేనితోనూ కలపకుండా, అనుమతి ఉన్నవారికి నూనె అప్పగించే సర్వీసు కేంద్రానికి చేర్చాలి.

అన్నిటికన్నా ముందు, బిల్లు చెల్లించేటప్పుడు ఒక్క మాట అడగాలి: నా బండిలోంచి తీసిన నూనె ఎక్కడికి పోతుంది? పది మంది అడిగితే మెకానిక్ జవాబు వెతుక్కుంటాడు. వందమంది అడిగితే షెడ్డు మూలన డ్రమ్ముకు మూత, మూత మీద పేరు, పక్కన లెక్కల పుస్తకం వచ్చి చేరతాయి.